మాస్టారూ, ముందు అక్కకు చెప్పండి

సొసైటీ లోను కోసమని నమ్మించి 1994లో మీ నాన్నగారు అక్కచేత పొలంలో హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించడం, తెలిసీ మీరు సాక్షి సంతకం చేయడం, ఇప్పుడు ట్రంకు పెట్టెలో ఆ స్టాంపు కాగితం కనబడ్డాక క్లాసులో నీతిపాఠం చెబుతుంటే గొంతు పట్టేయడం... మీరు రాసింది చదువుతుంటే నాకే మనసు కలుక్కుమంది.

పంతొమ్మిదేళ్లప్పుడు నాన్నకు ఎదురు చెప్పలేకపోయారు, అర్థమవుతుంది. ఇప్పుడు మాత్రం దాచకండి. ఫోన్లో వద్దు, పెళ్లిళ్లలో పదిమంది మధ్య అసలే వద్దు. కాగితం పట్టుకుని వాళ్లింటికెళ్లి, "అక్కా, ఇదేంటో నాకు అప్పుడే తెలుసు" అని మొదలుపెట్టండి. నాన్నను వెనకేసుకు రావద్దు, ఆవిడ తిడితే పడండి.

ఇక చట్టం. పొలం తాతగారిది, అక్క పెళ్లి 1991లో అన్నారు కదా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్ట సవరణ ప్రకారం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఉంది. పైగా ఇలాంటి కాగితం రిజిస్టర్ కాకపోతే హక్కు పోయినట్టు కాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ పొలం మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, లాయర్‌కు చూపించండి. అక్క వాటాను రిజిస్టర్డ్ పంపకం ద్వారానో గిఫ్ట్ సెటిల్‌మెంట్ ద్వారానో రాసివ్వొచ్చు. మీ ఆవిడకూ ముందే చెప్పండి, లేకపోతే అక్కడ ఇంకో గొడవ.

అక్క మొహమాటానికి "నాకెందుకురా" అంటే వెంటనే సరే అనేయకండి, ఆవిడ పిల్లల్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి.