డాక్టర్ సలహా: బ్రా సైజు సరే, ఆ గడ్డ సంగతేమిటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. బాబుకు ఏడు నెలలు, పాలిస్తున్నాను. కాన్పుకు ముందు 34 బి సైజు బ్రా వేసుకునేదాన్ని. ఇప్పుడు 12 కిలోలు పెరిగాను. పాతవి బిగుతయ్యాయని షాపులో అడిగితే 38 బి ఇచ్చారు, నాలుగు కొన్నాను. వెనక పట్టీ వీపు మీదకి ఎగబాకుతోంది. భుజాల మీద గాట్లు పడుతున్నాయి. ఎడమ రొమ్ము కుడిదానికంటే పెద్దగా ఉంది. దాని కింద ఒరిసి దురద పెడుతుంటే మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము మూడు వారాలుగా రాస్తున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. పది రోజులుగా అదే వైపు చంక దగ్గర గట్టిగా తగులుతోంది, పాలగడ్డే అనుకుంటున్నాను. నాకు సరైన సైజు ఏది? రాత్రిపూట కూడా వేసుకోవాలా?
– ఒక సోదరి, తణుకు

జవాబు: అమ్మా, సైజు గురించి నాలుగు వాక్యాలు రాసి, గడ్డ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

పాలు కట్టి వచ్చిన గట్టిదనమైతే బిడ్డ తాగాక మెత్తబడాలి, మామూలుగా రెండు మూడు రోజుల్లో కరిగిపోవాలి. పది రోజులు ఉందంటే ‘పాలగడ్డే’ అని మీరూ అనకూడదు, చూడకుండా నేనూ అనలేను. మీ వయసులో ఇలాంటివి చాలావరకు ప్రమాదం లేనివే. పాలు నిలిచిన తిత్తి కావచ్చు, ఫైబ్రోఎడినోమా (క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చు, లోపల చీము పట్టడం మొదలై ఉండొచ్చు. అరుదుగా క్యాన్సర్ కూడా పాలిచ్చే తల్లుల్లో కనిపిస్తుంది. అది ఆలస్యంగా బయటపడటానికి ఒక కారణం, అందరూ పాలగడ్డ అనుకుని ఊరుకోవడమే. ఈ వారంలోనే సర్జన్‌కు గానీ గైనకాలజిస్టుకు గానీ చూపించి, రొమ్ముకు అల్ట్రాసౌండ్ చేయించుకోండి. దానివల్ల పాలకు, బిడ్డకు ఏమీ కాదు. పాలు మాన్పించవద్దు.

అప్పటిదాకా గట్టిగా పిసకడం, వేడి కాపడాలు వద్దు. వాపు ఎక్కువవుతుంది. చల్లటి గుడ్డ పది నిమిషాలు వేసుకోవచ్చు. జ్వరం 101 దాటినా, ఎరుపు పాకినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కారినా ఆ రోజే వెళ్లండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ రెండు బిళ్లలు వేసుకుని చూద్దామనుకోవద్దు.

ఇక ఆ క్రీము. పేరు రాయలేదు, కానీ ‘తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది’ అన్న మాటను బట్టి అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. దురదకు కౌంటర్‌లో అందించే ట్యూబుల్లో క్లోబెటాసోల్ లాంటి గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉన్నవి ఎన్నో. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణచేస్తుంది, ఫంగస్ మాత్రం కింద పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే రెట్టింపై వస్తుంది. మడతల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. స్టెరాయిడ్ క్రీములను 2018లో షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మేవాళ్లు అమ్ముతున్నారు సరే, మీరు కొనకండి. బిడ్డ నోరు తగిలే చోటికి పక్కనే రాస్తున్నారని కూడా గుర్తుంచుకోండి. ఇప్పటికి రాయడం ఆపి స్కిన్ డాక్టరుకు చూపించండి. స్నానం అయ్యాక ఆ మడత అద్ది ఆరబెట్టి, పలచటి నూలు గుడ్డ మడిచి పెట్టుకోండి. పౌడరు వద్దు, చెమటకు ముద్ద కడుతుంది. బ్రాను ఎవరి కంటా పడకూడదని తువ్వాలు కిందో, బాత్‌రూమ్‌లోనో ఆరేస్తుంటారు. తడి పూర్తిగా పోదు, ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? ఎండలో ఆరేయండి. ఒరుపు మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష తప్పదు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే మరీనూ.

సైజు దగ్గరికొద్దాం. షాపులో జరిగే పొరపాటే మీకూ జరిగింది. బిగుతైంది కప్పైనా, పట్టీ అయినా, నంబరు పెంచి ఇస్తారు. టేపు తీసుకుని, ఊపిరి వదిలి, రొమ్ముల కింద చుట్టూ నేలకు సమాంతరంగా కాస్త బిగించి కొలవండి. తర్వాత నిండుగా ఉన్నచోట, బిగించకుండా కొలవండి. పాలిచ్చేవారు ఈ రెండో కొలత బిడ్డకు పట్టే ముందు, నిండుగా ఉన్నప్పుడు తీసుకోవాలి. కింది కొలత 75 సెంటీమీటర్లయితే 34, 80 అయితే 36, 85 అయితే 38. 34 అంటే ఛాతీ 34 అంగుళాలని కాదు. ఆన్‌లైన్ లెక్కలు కొన్ని నాలుగు అంగుళాలు కలుపుతాయి, కొన్ని కలపవు, అందుకే ప్యాకెట్ మీద సెంటీమీటర్లే చూడండి. రెండు కొలతల తేడా 12–14 సెంటీమీటర్లయితే కప్పు ఎ, 14–16 బి, 16–18 సి, 18–20 డి. ఉదాహరణకు కింద 80, పైన 97 వస్తే 36 సి. ఈ కొలతలు కంపెనీని బట్టి కొంచెం మారతాయి, వేసుకుని చూడాల్సిందే.

బరువు మోయాల్సింది ప్రధానంగా కింది పట్టీ, భుజాలు కావు. పట్టీ వదులైతే వీపు మీదకి ఎక్కుతుంది, ఆ బరువంతా భుజాల మీద పడుతుంది. మీ గాట్లకు కారణం ఇదే అయి ఉండొచ్చు. కొత్తది చివరి వదులు హుక్కుకే సరిగ్గా నిలవాలి, లోపలి హుక్కులు సాగాక వాడటానికి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకు మించకూడదు. కప్పు సరిపోయి పట్టీ మాత్రమే వదులైతే నంబరు ఒకటి తగ్గించి కప్పు ఒకటి పెంచండి: 38 బి వదులు, 36 సి చూడండి. రెండు వైపులూ సమానంగా లేకపోవడం మామూలే, పెద్దదానికి సరిపడా కొని చిన్నవైపు పలచటి ప్యాడ్ పెట్టుకోండి. అయితే ఆ తేడా ఈ పది రోజుల్లో వచ్చిందా, ముందు నుంచే ఉందా అన్నది మీ డాక్టరుకు చెప్పాలి.

మీ బ్రాలో వైరు ఉందో లేదో రాయలేదు. సరిపోని కప్పులో వైరు చంక వైపు కణజాలం మీద కూర్చుంటుంది. మీ గడ్డా అక్కడే ఉంది కాబట్టి పాలిచ్చినన్నాళ్లు వైరు లేనివే వాడండి. రాత్రి వేసుకోవాల్సిన అవసరం లేదు. పాలు కారుతుంటే మెత్తటి వదులు బ్రాలో ప్యాడ్ పెట్టుకుని, తడవగానే మార్చండి.

ప్రస్తుతానికి రెండే కొనండి. పాలు మాన్పించిన మూడు నెలలకు మళ్లీ కొలుచుకోవాలి, అప్పుడు కప్పు తగ్గొచ్చు. స్కాన్‌కు వెళ్లేటప్పుడు ఆ క్రీము ట్యూబు వెంట తీసుకెళ్లండి, ఇప్పుడు వాడుతున్న బ్రానే వేసుకుని వెళ్లండి.