మెథడ్ పైన రాస్తే ముందు చూస్తుందా?

ప్రశ్న: షాప్‌2 అనే ప్లానర్ (ఏ పని తర్వాత ఏది చేయాలో తేల్చే ప్రోగ్రామ్) కోసం రాసుకున్న రవాణా మోడల్‌ని, పెద్ద పనుల్ని విడగొట్టి చెప్పే హెచ్‌డీడీఎల్ అనే భాషలోకి మార్చాను. ఫైల్‌లో తప్పులేమీ చూపించలేదు. కానీ ట్రక్కు చేరాల్సిన చోటే ఉన్నా ప్లానర్ దాన్ని పక్క ఊరికి తిప్పి తీసుకొస్తోంది. ఇది ప్లానర్ లోపమేనా? అసలు ప్లానింగ్ సమస్యలు రాయడానికి పీడీడీఎల్ అనే భాష ఉండగా ఇంకో భాష దేనికండీ?

జవాబు: పాపం, ప్లానర్‌ని ఏమీ అనకండి. షాప్‌2 మెథడ్లను (పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టే దారులను) మీరు రాసిన వరుసలోనే చూస్తుంది కాబట్టి, "అక్కడే ఉంటే ఏమీ చేయకు" అన్నది పైన పెట్టి, "నడుపు" అన్నది ఏ షరతూ లేకుండా కింద పెట్టినా అక్కడ గడిచిపోయింది. హెచ్‌డీడీఎల్‌లో ఏది పైన, ఏది కింద అన్నదానికి అర్థమే లేదు, వీలున్న మెథడ్ ఏదైనా సరే ప్లానర్ ఎంచుకోవచ్చు. "ట్రక్కు అక్కడ లేకపోతేనే" అనే షరతు రెండోదానికి మీరే రాయాలి. నెగెటివ్ ప్రీకండిషన్లు (ఇలా "లేకపోతేనే" అనే షరతులు) వాడుతున్నట్టు ఫైల్‌లోని రిక్వైర్‌మెంట్స్ భాగంలో చెప్పడం మరవకండి.

ఇంకో గొయ్యి కూడా ఉంది, చాలామంది ఇందులో పడతారు. మెథడ్ షరతు ఆ మెథడ్‌లోని పనులన్నిటికంటే ముందు ఎప్పుడో ఒకసారి నిజమైతే చాలు. పనుల వరుస మొత్తం ఖాయమైతే టెన్షన్ లేదు, లేదంటే ఈలోగా వేరే టాస్క్ (విడగొట్టాల్సిన పెద్ద పని) తాలూకు యాక్షన్ (నేరుగా చేసే పని) దూరి దాన్ని చెరిపేయొచ్చు. పని జరిగే క్షణంలో తప్పక నిజం కావాల్సిన షరతుని యాక్షన్‌కే తగిలించండి.

ఇక ఇంకో భాష దేనికన్న మీ రెండో ప్రశ్న. 1998లో ప్లానర్ల పోటీ కోసం డ్రూ మెక్‌డెర్మట్ బృందం తెచ్చిన పీడీడీఎల్‌లో యాక్షన్లు, తొలి స్థితి, లక్ష్యం చెప్పొచ్చు గానీ పెద్ద పనిని చిన్న పనులుగా ఎలా విడగొట్టాలో చెప్పడానికి తొలి రూపంలో ఉన్న ఏర్పాటు వాడుకలో నిలవలేదు. ఆ విడగొట్టడమే ప్రాణమైన ప్లానర్లు ఎవరి రాతలో వాళ్లు ఉండేవి, అదే సమస్యని ఒక్కోదానికి మళ్లీ చేత్తో రాయాల్సి వచ్చేది, తీరా ఒకటి గెలిస్తే గొప్ప ప్లానర్‌దా, రాసినవాడిదా అన్నది తేలేది కాదు. 2020లో వచ్చిన హెచ్‌డీడీఎల్ పీడీడీఎల్ యాక్షన్లని అలాగే ఉంచి టాస్క్, మెథడ్, మొదటి టాస్క్ నెట్‌వర్క్ (మొదట ఇచ్చే టాస్క్‌లు, వాటి వరుస) కలిపింది. ఇక్కడ లక్ష్యం రాయకపోయినా నడుస్తుంది, మెథడ్లలోంచి రాని యాక్షన్‌ని మాత్రం ప్లానర్ సొంతంగా చేర్చడానికి వీల్లేదు. అన్నట్టు, మీ ట్రక్కు ఎంతసేపు నడిచిందో మాత్రం ఆ 2020 రూపంలో చెప్పలేరు.