అమ్మలూ, ముందు ఆ లేటు ఎక్కడ పుట్టిందో వెతుకు

అమ్మలూ,

నీ ఎంబీఏ ప్రాజెక్ట్ ప్రపోజల్ చదివాను. విమాన ప్రయాణికుల సంతృప్తి అని పెట్టి, ప్రశ్నాపత్రం పంచుతానన్నావు. వద్దమ్మా. ఫ్లైట్ లేటై చిరాకులో ఉన్నవాడు ఐదుకి రెండేస్తాడు, టైముకి వెళ్లినవాడు నాలుగేస్తాడు, అది తెలుసుకోడానికి రీసెర్చ్ ఎందుకు? దాని బదులు ఒక్క ప్రశ్న పట్టుకో. విమానం వచ్చి ఆగినప్పటి నుంచి మళ్లీ బయల్దేరేలోపు నిమిషాలు ఎక్కడ పోతున్నాయి? మా ర్యాంపు (విమానాలు ఆగే చోటు) భాషలో టర్నరౌండ్.

ఆ నిమిషాలే డబ్బు. 1972లో అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ వాళ్లు తమకున్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్ముకోవాల్సొచ్చింది. అయినా షెడ్యూల్ తగ్గించకుండా, పది నిమిషాల్లో విమానాన్ని తిప్పి పంపుతూ మూడింటితోనే నడిపారు.

విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నెలనెలా ఇచ్చే రిపోర్టుల్లో లేట్లకు కారణాలుంటాయి. అందులో పెద్ద వాటా సాధారణంగా 'రియాక్షనరీ'ది, అంటే ముందు ట్రిప్పు లేటుగా వచ్చింది కాబట్టి ఇదీ లేటు. విమానమే ఆలస్యంగా వచ్చిందని రాయడానికి కోడ్ 93. రాసేవాడికి హాయి, తప్పు ఎవరి మీదా పడదు. నువ్వు అక్కడ ఆగిపోకు, ఆ విమానం రిజిస్ట్రేషన్ నంబర్ పట్టుకుని ఆ రోజు మొదటి ట్రిప్పు దాకా వెనక్కి వెళ్లు, సాయంత్రం శంషాబాద్‌లో కనిపించిన లేటు పొద్దున ఢిల్లీ పొగమంచులో పుట్టి ఉండొచ్చు, విశాఖలో వీల్‌చైర్లు చాలకపోవడంతో పుట్టి ఉండొచ్చు. ఇంకోటి, 15 నిమిషాల లోపు ఆలస్యం ఆన్‌టైమ్ కిందే లెక్క, పైగా షెడ్యూల్లోనే ప్రయాణ సమయం కాస్త ఎక్కువేసి రాసుకుంటారు, కాబట్టి ఆన్‌టైమ్ శాతాలు చూసి మురిసిపోకు.

నీకు 'తెలిసిన' సంగతుల్ని కూడా అనుమానించు. వెనక వరసల వాళ్లని ముందు ఎక్కిస్తే త్వరగా అయిపోతుందనుకుంటాం కదా, జేసన్ స్టెఫెన్ అనే ఖగోళ భౌతిక శాస్త్రవేత్త 2008లో కంప్యూటర్లో లెక్కకట్టి, తర్వాత నమూనా విమానంలో మనుషులతో చేయించి చూస్తే, దానికన్నా వరస లేకుండా ఎక్కించడమే నయమని తేలింది. అందరూ ఒకే చోట బ్యాగులు పైకెక్కిస్తూ దారి మూసేస్తారు మరి. ఆయన సొంత పద్ధతి (కిటికీ సీట్ల వాళ్లని ముందు, అదీ వరస విడిచి వరస ఎక్కించడం) అన్నిటికన్నా వేగం, కానీ మన ఫ్లైట్లలో నాయనమ్మనీ మనవడినీ విడదీసి ఎక్కించడం అయ్యే పనేనా?

2022లో ఇండిగో మూడు దారుల్లో జనాన్ని దించుతామని, ఐదారు నిమిషాలు కలిసొస్తాయని చెప్పింది. నువ్వడగాల్సింది ఏంటంటే, ఆ నిమిషాలు బయల్దేరే టైములో కనిపించాయా అని. ఇంధనం బండి ఇంకా రాకపోతే జనం ఎంత త్వరగా దిగినా లాభం లేదు. అన్నిటికన్నా చివర అయ్యే పనేదో చూడు, అది త్వరపడితేనే విమానం ముందు కదిలేది.

ర్యాంపులోకి వెళ్లాలంటే పాస్ కావాలి, వెరిఫికేషన్‌కి టైం పడుతుంది, ఈ వారమే కంపెనీ ద్వారా అప్లై చెయ్యి. లోపలికెళ్లాక మేనేజర్లు చూపించే స్లైడ్లు పక్కనపెట్టి, సామాన్లెక్కించే లోడర్లనీ ట్రాక్టర్ డ్రైవర్లనీ అడుగు, షిఫ్ట్ మారే టైములో మాత్రం వెళ్లకు. వాళ్లు మనసు విప్పి చెప్పినవి రాసుకో, పేర్లు మాత్రం రిపోర్టులో పెట్టకు.

పెదనాన్న