ఫెలోషిప్ అమ్మాయి పేరు మీద ఉండాలి

ప్రశ్న: మాది హిందూపురం. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాదే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. మా నాన్నగారికి పార్కిన్సన్స్. రోజూ ఆయన చొక్కా గుండీలు పెట్టేది తనే. ఆ జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇక్కడే ఒక ల్యాబ్‌లో ప్రాజెక్టు ఉద్యోగం వచ్చింది గానీ, ఆ గ్రాంటు ఇంకో ఏడాదిన్నరే ఉందట. డబ్బు ఆగిపోతే పిల్ల పరిస్థితి ఏంటని టెన్షన్‌గా ఉంది. కంపెనీలో చేరమనమంటారా?

జవాబు: ల్యాబ్‌లో చేరనివ్వండి. కానీ ఆ ఏడాదిన్నరలోపు తన పేరు మీద ఫెలోషిప్, అంటే పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు, తెచ్చుకోవాలని గట్టిగా చెప్పండి.

ప్రాజెక్టు జీతం ప్రొఫెసర్‌గారికి వచ్చిన గ్రాంటులోంచి ఇస్తారు. గ్రాంటు ముగిస్తే ఆ పోస్టూ ముగుస్తుంది. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అలా కాదు, అది పరీక్ష రాసి గెలిచిన విద్యార్థిది. ల్యాబ్‌లో ప్రాజెక్టు అయిపోయినా ఆమె ఫెలోషిప్ ఆగదు.

ఈ రంగంలో ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చెబుతాను. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోతూ వస్తాయి. మీ నాన్నగారికి ఇచ్చే మందుల్లో బహుశా లెవోడోపా ఉండే ఉంటుంది. అది డోపమిన్ కొరత తీరుస్తుందే తప్ప కణాలు చనిపోవడాన్ని ఆపదు. ఆపే మందు కోసమే పరిశోధనంతా. కానీ ఇది వయసుతో ముదిరే జబ్బు. ఎలుకల్లో వయసు ప్రభావం చూడాలంటే వాటిని ఏడాదిన్నర, రెండేళ్లు పెంచాలి. మన దగ్గర గ్రాంటు మామూలుగా మూడేళ్లకే ఇస్తారు. ఎలుక ముసలిదయ్యేసరికి గ్రాంటు చివరికొస్తుంది. ఖర్చూ తక్కువేం కాదు. ప్రొటీన్లను గుర్తించే యాంటీబాడీ వంద మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కలంత, ధర చాలాసార్లు పదుల వేల రూపాయల్లో ఉంటుంది. అదీ విదేశాల నుంచి రావాలి. మంచి ప్రొఫెసర్ దగ్గర కూడా డబ్బుకు కటకట రావడానికి కారణాలు ఇవే.

కాబట్టి సైన్సు విద్యార్థులకు జేఆర్ఎఫ్ ఇచ్చే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాయాలి, దాంతోపాటు డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం), ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) ఇచ్చే జేఆర్ఎఫ్ కోసమూ ప్రయత్నించాలి. ఇక్కడ చాలామంది తల్లిదండ్రులు పొరబడుతుంటారు. ‘నెట్ పాసయింది’ అంటే ఫెలోషిప్ వచ్చినట్టు కాదు. జేఆర్ఎఫ్ కేటగిరీలో పేరు ఉండాలి. కేవలం పీహెచ్‌డీ అడ్మిషన్‌కు అర్హత ఇచ్చే కేటగిరీ కూడా ఉంది, దానికి స్టైపెండ్ ఉండదు. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయితే 42,000, పైన హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం). ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ లాంటి బెంగళూరు పరిశోధన సంస్థల్లో పీహెచ్‌డీ సీటు వస్తే సంస్థే స్టైపెండ్ ఇస్తుంది. వాటికీ అప్లై చేయించండి.

ఊరు మారాల్సిన పనైతే లేదు. ఈ చదువుకు బెంగళూరు కంటే మంచి చోటు దేశంలో అరుదు. మెదడు, నరాల జబ్బుల ఆసుపత్రి నిమ్‌హాన్స్‌లో 1995 నుంచి మెదడు కణజాలం భద్రపరిచే బ్రెయిన్ బ్యాంక్ ఉంది. ఐఐఎస్సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్‌కు ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్ దంపతుల ప్రతీక్ష ట్రస్టు 225 కోట్లు ఇస్తామని 2014లో ప్రకటించింది. ప్రభుత్వ గ్రాంటు ఒక్కటే ఆధారం కాని సంస్థ అది. ఆ సెంటర్ వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, వయసుతో మెదడులో ఏం మారుతుందో చూడాలని ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. ఆ మామిడి తోటల ఊళ్లలో తెలుగిళ్లు ఎన్నో. ముసలివాళ్ల జ్ఞాపకశక్తి పరీక్షించాలంటే వాళ్ల మాటలోనే అడగాలి కదా. తెలుగు, కన్నడ రెండూ వచ్చిన పిల్లకు ఇలాంటి పనిలో తెలుగు ఎంత అక్కరకొస్తుందో ఊహించండి.

చేరేముందు ప్రొఫెసర్‌గారిని మీ అమ్మాయి నేరుగా మూడు సంగతులు అడగాలి. గ్రాంటు సాంక్షన్ లెటర్‌లో ముగింపు తేదీ ఏది? కొత్త గ్రాంటుకు ఎక్కడ అప్లై చేశారు? తన దగ్గర పనిచేసిన ప్రాజెక్టు విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారు? ఇలా అడగడం మర్యాద తప్పడం కాదు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబుతోనే ఆ ల్యాబ్ ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. పాత విద్యార్థులతో కూడా ఫోన్లో మాట్లాడమనండి.

ఫెలోషిప్ డబ్బు కూడా ఒక్కోసారి నెలలకొద్దీ ఆలస్యమవుతుంది. అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అద్దె బాధ లేదు, అయినా నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. ఇంకో మాట, ఇది మీరే చెప్పాలి. తన పరిశోధన తాతగారికి మందుగా మారేంత త్వరగా సాగదు. ఆ సంగతి తెలిసి కూడా చేస్తానంటే అడ్డుచెప్పకండి, అలాంటి పిల్లలే ఇందులో నిలబడతారు.

మూడు నాలుగు ప్రయత్నాల్లో జేఆర్ఎఫ్ రాకపోతే అప్పుడు కంపెనీల వైపు చూడవచ్చు. సింజీన్ లాంటి కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థలు ఇదే ఊళ్లో ఉన్నాయి. కణాలు పెంచడం, ప్రొటీన్లు పరీక్షించడం చేత్తో నేర్చుకుని వెళ్తే, ఇప్పుడు ఫ్రెషర్‌గా వెళ్లడం కంటే అప్పుడు మంచి పోస్టే దొరుకుతుంది.