గాడ్జిల్లా తొలి టీజరులో చచ్చిపడి ఉన్న ఆ జీవి పేరేమిటి?

2014 నాటి గాడ్జిల్లా చిత్రం కోసం 2012 జూలైలో అమెరికాలో కామిక్స్, సినిమా అభిమానుల సంబరమైన శాన్ డియేగో కామిక్‌-కాన్‌లో చూపిన టీజరులో, గాడ్జిల్లా కనిపించడానికి ముందు శిథిలాల మధ్య పడి ఉన్న బహుపాద జీవి పేరేమిటని మీరు అడిగారు. దానికి పేరు లేదు. అప్పటికి చిత్రీకరణే మొదలు కాలేదు. గారెత్ ఎడ్వర్డ్స్ తీయబోయే సినిమా వాతావరణం ఎలా ఉంటుందో చూపడానికి చేసిన తునక అది, అసలు చిత్రంలో ఆ జీవి లేనే లేదు. చిత్రంలో గాడ్జిల్లాతో తలపడే మ్యూటోలనే రాక్షస జీవులు వేరు. ఆ మాటకు అర్థం కూడా 'గుర్తు తెలియని భారీ భూచర జీవి' అనే గనుక దాన్నీ పేరుగా లెక్కించలేం.

నేను దాన్ని చూసింది ఆన్‌లైన్‌లో దొరికిన ఒక మసక క్లిప్పులో. కరెంటు పోయిన ఒక వేసవి రాత్రి, మేడ మీద చాప పరుచుకుని, బ్యాటరీ అడుగంటుతున్న ల్యాప్‌టాప్‌లో తమ్ముడూ నేనూ చూస్తున్నాం. బొమ్మ కన్నా గొంతే స్పష్టంగా వినిపించింది: గీతలోని మాటను తలచుకుంటూ, 'ఇప్పుడు నేను మృత్యువునయ్యాను, లోకాలను నాశనం చేసేవాణ్ణి' అని 1965లో అణుబాంబు తయారీకి సారథ్యం వహించిన శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ టీవీలో మాట్లాడిన గొంతు. 1954లో బికినీ దీవుల్లో అమెరికా పరీక్షించిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాను చేపల పడవ మీద పడిన కొన్ని నెలలకే గాడ్జిల్లా తొలి సినిమా వచ్చింది కాబట్టి ఆ గొంతు అక్కడ ఉండవలసిందే. పక్కనే మడతమంచం మీద పడుకున్న మా నాన్నగారు కళ్లు తెరవకుండానే, "అది పదకొండో అధ్యాయం. కృష్ణుడు 'కాలోఽస్మి' అన్నాడు, ఈ దొరెవరో మృత్యువంటాడేమిటి?" అని విసుక్కుని, కాసేపాగి, "ముందు శ్లోకంలో అర్జునుడు అడిగింది కూడా, ఈ ఉగ్రరూపంతో ఉన్న నువ్వెవరివి అనే కదరా" అన్నారు.

అప్పటి నుంచి నా మతం ఒకటే: పేరు తెలిసిన రాక్షసి సగం చచ్చినట్టే. ఇప్పుడు మన సినిమాలకు ప్రీ-లుక్, ఫస్ట్ లుక్, గ్లింప్స్, ఆ తరువాత టీజరు, ట్రైలరు అంటూ ప్రతినాయకుడి ఇంటిపేరుతో సహా ముందే చెప్పేస్తున్నారు. థియేటర్లో భయపడడానికి ఇక మిగిలేదేమిటి?

ఆ రాత్రి బ్యాటరీ అయిపోయే లోపల మేం ఆ ఒక్క దృశ్యాన్నే ఆపి ఆపి చూశాం. తమ్ముడికి ఎనిమిది కాళ్లు కనిపించాయి, నాకు ఆరు దాటలేదు. ఇప్పటికీ ఫోన్లో ఆ సంగతి వస్తే వాడు ఎనిమిదే అంటాడు.