గ్లాస్గోలో కొత్తవాళ్లను "ఏ స్కూల్లో చదివావు?" అని ఎందుకు అడుగుతారు?

చాలాసార్లు అది చదువు సంగతి కాదు, ఊళ్లోని రెండు పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బుల్లో మీరు సెల్టిక్ మనిషా రేంజర్స్ మనిషా అని కూపీ లాగడం. స్కాట్లాండ్‌లో 1918 చట్టం తర్వాత క్యాథలిక్ బడులు ప్రభుత్వ ఖర్చుతోనే, విడిగా నడుస్తున్నాయి. బడి పేరు 'సెయింట్'తో మొదలైతే క్యాథలిక్, అంటే సెల్టిక్ అని లెక్క కట్టేస్తారు. తప్పు లెక్కే, అయినా కడతారు.

సెల్టిక్ క్లబ్ 1887లో పుట్టింది ఐర్లండ్ నుంచి వలసొచ్చిన క్యాథలిక్ పేదల తిండికి డబ్బు పోగుచేయడానికి. రేంజర్స్‌కేమో ప్రొటెస్టెంట్ల జట్టని పేరు. 1989లో ఆ క్లబ్ మో జాన్‌స్టన్ అనే క్యాథలిక్‌ని, అదీ మాజీ సెల్టిక్ ఆటగాణ్ణి తీసుకుంటే కొందరు అభిమానులు స్కార్ఫులు తగలబెట్టారు.

ఇంట్లో ఎంత పొదుపు చేసినా సీజన్ టికెట్ డబ్బు మాత్రం ముట్టుకోని కుటుంబాలున్నాయి. మతం పట్టింపు ఇప్పుడు తగ్గింది కానీ, జట్టు రంగుల చొక్కాలతో లోపలికి రావద్దని బోర్డు పెట్టే పబ్బులు ఇంకా ఉన్నాయి.