చెత్త కాల్చినా మలేరియా ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది ఆనందపురం మండలంలో ఒక పల్లె. దోమలు రాకూడదని పెరట్లో చెత్త ఎప్పటికప్పుడు తగలబెడుతున్నాం. అయినా పాడేరు దగ్గర చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లొచ్చిన రెండు వారాలకు మా అత్తగారికి జ్వరమొచ్చింది. వైవాక్స్ అనే రకం మలేరియా అన్నారు. ఇంకేం చెయ్యాలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ మంట ఆపెయ్యమ్మా. ప్లాస్టిక్ పొగ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది గానీ, మలేరియా దోమకు చెత్తకుప్పతో పనిలేదు. అనాఫిలిస్ అనే ఆ దోమ గుడ్లు పెట్టేది మంచినీళ్లలో, మెల్లగా పారే గెడ్డల అంచుల్లో. కుట్టిన పది పదిహేను రోజులకు జ్వరం వస్తుంది కాబట్టి, అత్తగారికి అది పెళ్లివారింటి దగ్గరే అంటుకుని ఉండొచ్చు. నేను ఏజెన్సీలో మలేరియా పనిమీద తిరిగిన రోజుల్లో చూశాను: ఇల్లు అద్దంలా ఉండేది, పక్కనే గెడ్డ. గోడలకు మందు కొట్టి వెళ్లాక, పండగొచ్చిందని ఎర్రమట్టితో అలికేసేవారు. మందంతా మట్టి కిందకు పోతే ఆ గోడమీద వాలిన దోమ చస్తుందా?

అలాగని చెత్త వదిలెయ్యమనడం లేదు. కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో, టీ కప్పుల్లో వాననీరు నిలిస్తే డెంగీ దోమ పుడుతుంది. తడిచెత్త గోతిలో వేసి ఎరువు చేసుకోండి, పొడిచెత్త పంచాయతీ బండికివ్వండి.

పెరట్లో నీళ్లతొట్టి, పశువుల గోలెం ఉంటే తెల్లగిన్నెతో పైపై నీళ్లు ముంచి చూడు. పిల్లపురుగు నీటి మీద పుల్లముక్కలా అడ్డంగా తేలుతుంటే అది అనాఫిలిస్. తలకిందులుగా వేలాడుతుంటే వేరే జాతి. ఏదైనా సరే, గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే (వారానికోసారి నిలవనీళ్లు వంపేసి ఎండబెట్టే రోజు) పెట్టింది అందుకే. తొట్టి వంపేస్తే సరిపోదు, గోడలు పీచుతో రుద్ది ఎండబెట్టాలి. డెంగీ దోమ గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. వాడని బావి ఉంటే దోమ పిల్లపురుగుల్ని తినే గంబూజియా చేపలు వదలమని ఆరోగ్య సిబ్బందిని అడగండి.

ఇప్పుడు తొందరపడాల్సింది అత్తగారి విషయంలో. ఆమె ఒంట్లోని క్రిమి మీ ఊరి దోమకు దొరక్కూడదు. చీకటి పడ్డాక దోమతెరలోనే పడుకోబెట్టండి. వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుంటుంది. జ్వరం తగ్గింది కదా అని ఆ దాక్కున్న క్రిమిని చంపే ప్రైమాక్విన్ మాత్రల 14 రోజుల కోర్సు మధ్యలో మానేస్తే నెలల తర్వాతైనా తిరగబెట్టొచ్చు. మూత్రం నల్లగా వస్తే మాత్రం ఆ మాత్రలు వెంటనే ఆపి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఇంట్లో ఇంకెవరికి జ్వరమొచ్చినా ఆశా కార్యకర్తను పిలిచి రక్తపరీక్ష చేయించు. మాత్ర వేశాక కాదు, వెయ్యకముందే.